ప్రతి ముక్కలో ఒక ఆనవాలు

(విశాఖపట్నంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఫోన్‌లో ఉన్న ఫొటోలతో ఇంట్లో, బడిలో జిగ్సా పజిల్స్, అంటే ముక్కలుగా కోసిన బొమ్మని మళ్లీ పేర్చే ఆటలు, ఎలా చేసుకోవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. అట్ట, జిగురు, కత్తెర గురించి తప్పకుండా చెబుతాను. అయితే ముందు ఫొటో గురించి మాట్లాడుకోవాలి. పిల్ల పజిల్ ముందు అరగంట కూర్చుంటుందా, ఐదు నిమిషాలకే విసుగొచ్చి లేచిపోతుందా అనేది మనం కత్తెర పట్టకముందే, ఫొటో ఎంచుకున్నప్పుడే తేలిపోతుంది.

మన విశాఖలో ఎవరి ఫోన్ తెరిచినా ముందు బీచ్ ఫొటోయే ఉంటుంది. పైన ఆకాశం, కింద సముద్రం, ఓ పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. దాన్ని 48 ముక్కలు చేసి పిల్లల ముందు పెట్టండి. సగానికి పైగా ముక్కలు ఉత్త నీలం. ఏది ఆకాశమో, ఏది నీళ్లో పెద్దవాళ్లమే చెప్పలేం. అప్పుడు పిల్ల చేసే పనేమిటి? ఒక్కో ముక్కా తీసుకుని అన్ని చోట్లా పెట్టి చూడటం. అందులో ఆలోచన లేదు, చూపు లేదు, ఉత్త శ్రమే ఉంది. దుకాణంలో కొనే వెయ్యి ముక్కల పజిల్ కట్టే పెద్దవాళ్లకి ఆ శ్రమలో కూడా ఒక ఆనందం ఉండొచ్చు. రెండో తరగతి పిల్లకి అది శిక్ష.

కాబట్టి నేను పాటించే నియమం ఒకటే. ప్రతి ముక్కలోనూ ఒక ఆనవాలు ఉండాలి. ఓ రంగు మార్పో, గీతో, అక్షరమో, చెయ్యో, కాలో, ఏదో ఒకటి ఆ ముక్క తన చోటు గురించి చెప్పాలి. పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుని "ఇది పడవ జెండా" అనగలగాలి.

దీన్ని పరీక్షించడానికి ఫోన్‌లోనే ఒక సాధనం ఉంది. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు వచ్చి 9 గళ్లు అవుతాయి. ఫొటో తీసే ముందు ఒక్కో గడినీ చూడండి. ఖాళీ గడి ఒకటుంటే ఫర్వాలేదు. మూడు ఉంటే దగ్గరికి జరగండి, లేదా ఫోన్ కాస్త కిందికి వంచండి. ఆకాశం ఫొటోలో నాలుగో వంతు దాటకపోతే చాలు, ఆ ఫొటో పనికొస్తుంది.

ఇలాంటి ఫొటోలకి మన ఊళ్లో కొదవ లేదు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టిన బోట్లు, ప్రతి బోటుకీ వేరే రంగు, పక్కన రాసిన నంబరు, తాళ్లు, వలలు, ఐసు పెట్టెలు. ఆ ఫొటోని ఎన్ని ముక్కలు చేసినా ప్రతిదానికీ ఓ ఆనవాలు దొరుకుతుంది. బోటు నంబరు సరిగ్గా రెండు ముక్కల మధ్య తెగిందనుకోండి, పిల్లలు ఆ మిగతా సగం అంకె కోసం ఎంత వెతుకుతారో! ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరగాయల కుప్పలు తీయండి. గరుకు గరుకుగా పచ్చగా ఉన్న ముక్క కాకరకాయది, నున్నగా ఊదారంగులో ఉన్నది వంకాయది. పిల్లలు పేర్లు పైకి అంటూ పేరుస్తారు. వేరే భాషా పాఠం అక్కర్లేదు.

ఏటికొప్పాక బొమ్మలు ఇంట్లో ఉంటే ఓ తెల్లటి దుప్పటి మీద దగ్గర దగ్గరగా పేర్చి, పైనుంచి ఫొటో తీయండి. అంకుడు కర్రని తరిణి (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, అది తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు కదా, అందుకే ఆ బొమ్మల మీద రంగు గుండ్రటి పట్టీలుగా నిలుస్తుంది. ముక్కలో ఓ ఎర్ర పట్టీ వంపు కనిపిస్తే, దాని తర్వాతి వంపు ఎటు తిరుగుతుందో పిల్ల ఊహించుకోవాలి. వాటికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి ప్రత్యేక వస్తువని చట్టపరంగా ఇచ్చే గుర్తింపు, వచ్చిన సంగతి, ఆ ఊరు వరాహ నది ఒడ్డున ఉందన్న సంగతి పజిల్ పూర్తయ్యాక చెప్పండి. అప్పటికి బొమ్మని అంగుళం అంగుళం చూసి ఉంటారు కాబట్టి ఆ మాట వింటారు.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా తెరుచుకుంది. పిల్లలందరూ లోపలికి వెళ్లి చూసిందే. కానీ దాని ఆకారం పొడవు. మామూలుగా ఫొటో తీస్తే పైన ఆకాశం, కింద ఇసుక, మధ్యలో సన్నగా నల్లటి గీత వస్తుంది. అలాంటప్పుడు ఫొటోని పైనా కిందా కత్తిరించి పొడవాటి పట్టీలా చేయండి. 24 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, రెండు వరుసల్లో ఆరేసి చొప్పున 4 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 12 వస్తాయి. ఒకే ఏ4 కాగితం మీద ఇలాంటివి రెండు పడతాయి. ఇద్దరు పిల్లలకి సరిపోయింది.

దేవుడి పటాల గురించి ఒక మాట. సింహాచలం ఫొటోతో పజిల్ చేద్దామని కొందరు ఉత్సాహపడతారు. స్వామి పటాన్ని కత్తిరించడం, ముక్కలు కాళ్ల కింద పడటం చాలా ఇళ్లలో నచ్చదు. వాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకు? గాలి గోపురం, మెట్లు, కొండ మీదికి వెళ్లే దారి, పూల దుకాణాలు తీసుకోండి. ఏ మతం వారి గుడికైనా ఇదే పద్ధతి. తరగతిలో చేసేటప్పుడు ముందే అడిగి చేయడం మంచిది.

పిల్లల ఫొటోల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్రూప్ ఫొటోతో చేసిన పజిల్‌ని పిల్లలు ఎంతగానో ఇష్టపడతారు. ఎవరి ముఖం ఎవరికి దొరికిందా అని ఒకటే సందడి. అయితే ఆ ఫొటో వాడుతున్నట్టు తల్లిదండ్రులకి చెప్పి, సరేనన్నాకే చేయండి. ఫొటో ఎక్కిస్తే ముక్కలు చేసి ఇస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. బోట్లు, వంకాయల ఫొటోలకి వాటిని వాడుకోండి. పిల్లల ముఖాలు మాత్రం మన కంప్యూటర్ దాటి వెళ్లకూడదు.

ఇక పనిలోకి వద్దాం. ఫోన్‌తో తీసిన ఫొటో సాధారణంగా 4:3 కొలతలో ఉంటుంది. అంటే పొడవు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఏ4 కాగితం అడ్డంగా పెడితే 29.7 సెంటీమీటర్లు, 21 సెంటీమీటర్లు. దాని మీద ఫొటోని 24కి 18గా పెట్టుకోండి. చుట్టూ మార్జిన్ మిగులుతుంది, లెక్క కూడా తేలిక. నాలుగు నిలువు వరుసలు, మూడు అడ్డ వరుసలు చేస్తే 6 సెంటీమీటర్ల ముక్కలు 12. ఎనిమిది, ఆరు చేస్తే 3 సెంటీమీటర్ల ముక్కలు 48. ఒకటో తరగతికి 12, మూడో తరగతి నుంచి 48 అని నేను మొదలుపెడతాను. అంగన్‌వాడీ వయసుకి నాలుగో, ఆరో పెద్ద ముక్కలు చాలు. ఆ వయసుకి చేసేటప్పుడు గీత ముఖంలో కళ్ల మీదుగా పోకుండా చూడండి, పిల్లలు ముందు వెతికేది కళ్లనే.

మూడేళ్లు నిండని పిల్లలున్న ఇంట్లో 48 ముక్కల పెట్టె అందేలా ఉంచకండి. 3 సెంటీమీటర్ల ముక్క గొంతుకి అడ్డం పడేంత చిన్నది. ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది బాగా కుదించేస్తుంది. తెర మీద తేడా తెలియదు, అచ్చు వేస్తే మసకబారుతుంది. చిన్న ఆనవాళ్లన్నీ అక్కడే పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్‌తో ఎక్కించండి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి ఫొటో లాంటి పాత ఫొటో ఉంటే స్కానర్ మీద 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టి స్కాన్ చేయించండి. 10కి 15 సెంటీమీటర్ల చిన్న ఫొటో కూడా ఏ4 సైజుకి పెంచినా స్పష్టంగా నిలుస్తుంది. అలాంటి ఫొటోతో 12 పెద్ద ముక్కలు చేసి, మనవలు, తాతయ్య కలిసి కూర్చుంటే, ఒక్కో ముక్కకి ఒక్కో కథ వస్తుంది. పక్కన నిలబడ్డది ఎవరు, ఆ కుర్చీ ఎవరిది, ఆ పందిరి ఎక్కడ వేశారు, అన్నీ బయటికొస్తాయి. నాకు ఈ పని మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది ఇదే.

గీతలు గీయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వర్డ్‌లో ఫొటో పెట్టి, అది అక్షరాల వెనక్కి వెళ్లేలా బిహైండ్ టెక్స్ట్ ఎంచుకుని, దాని మీద ఒక టేబుల్ గీసి, గళ్ల వెడల్పు, ఎత్తు 6 సెంటీమీటర్లని ఇస్తే సరిపోతుంది. బుడిపెలు, గుంటలు ఉన్న అసలు జిగ్సా ఆకారమే కావాలంటే గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఫిల్టర్స్, రెండర్, ప్యాటర్న్ అని లోపలికి వెళ్తే జిగ్సా అనే ఎంపిక కనిపిస్తుంది. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని చెబితే ఫొటో మీద గీతలు వేసి ఇస్తుంది. అచ్చు వేసేటప్పుడు ఫిట్ టు పేజ్ కాకుండా యాక్చువల్ సైజ్ పెట్టండి, లేకపోతే మన కొలతలన్నీ మారిపోతాయి.

అచ్చు విషయానికొస్తే, ఇంట్లో ఉండే ఇంక్ ప్రింటర్ రంగు తడికి కారుతుంది. జిగురు తడి తగిలినా చాలు. కలర్ జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయిస్తే ఆ బాధ లేదు. నేరుగా 250 లేదా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అనే కొలత) మందపు కార్డు మీద తీయించుకుంటే అసలు అతికించే పనే ఉండదు, కత్తెరతో హాయిగా తెగుతుంది. ఒకసారి వాడి పక్కన పెట్టే పజిల్‌కి అది చాలు. ఏడాదంతా బడిలో ఉండాలంటే మాత్రం అట్ట కావాలి.

అట్ట కొనకండి. మిఠాయి పెట్టెలు, బిస్కెట్ డబ్బాలు, నోటుబుక్కు వెనక అట్టలు, కొత్త చొక్కాల్లో వచ్చే అట్టలు, పెళ్లి శుభలేఖలు బోలెడు ఉంటాయి. బైండింగ్ వాళ్లు వాడే మందపాటి మిల్‌బోర్డు చాలా గట్టిది కానీ కత్తెరకి లొంగదు. స్టీలు స్కేలు, కట్టర్ పెట్టి కోయాలి. ఆ పని పెద్దవాళ్లే చేయాలి.

అతికించేటప్పుడు మన ఊరి గాలి గుర్తుంచుకోండి. సముద్రపు తేమకి ఒకవైపే కాగితం అతికించిన అట్ట రెండు రోజుల్లో ధనుస్సులా వంగుతుంది. కారణం తేలికే. జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని అట్టని తన వైపు లాగుతుంది. వెనకవైపు కూడా అదే మందం కాగితం అతికిస్తే రెండు లాగుళ్లూ సరిపోయి అట్ట తిన్నగా ఉంటుంది. బైండింగ్ చేసేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది. ఫెవికాల్ వాడితే పలచగా, బ్రష్‌తో అంతటా సమానంగా రాయండి. గ్లూ స్టిక్ అయితే తడి ఇంకా తక్కువ. ఆపైన బరువైన పుస్తకాల కింద ఒక రాత్రంతా ఉంచి, పూర్తిగా ఆరాకే కోయండి. తొందరపడి పచ్చిగా ఉండగా కోస్తే అంచుల దగ్గర కాగితం లేచిపోతుంది.

వెనక అతికించే ఆ కాగితాన్ని ఖాళీగా వదలొద్దు. ఒక వర్ణమాల అచ్చు వేసి అతికించండి, లేదా ఎక్కాలు. ముందు బోట్లు, వెనక అ ఆ లు. ఒకే అట్టతో రెండు పజిల్స్.

పైన ప్లాస్టిక్ లామినేషన్ చేయించడం కన్నా, పారదర్శకమైన అంటుడు ఫిల్మ్ వేసి, ఆ తర్వాత కోయడం నయం. మెరుపు లేనిది దొరికితే ఇంకా మంచిది. మెరిసే పజిల్ మీద ట్యూబ్‌లైట్ పడి పిల్లలకి బొమ్మ సరిగా కనపడదు.

కోత గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. చేత్తో కోసేటప్పుడు బుడిపెల మోజు తగ్గించుకోండి. కార్డుతో చేసిన బుడిపెకి మెడ సన్నగా ఉంటే నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది, ఆ ముక్కతో పాటు పజిల్ కూడా మూలపడుతుంది. చిన్నగా అలల్లా వంపు తిరిగిన గీతలు చాలు. ముక్కకి ముక్క ఆనుతుంది, ఏది ఎటో తెలుస్తుంది. బుడిపెలు కావాలనుకుంటే మెడ కనీసం సెంటీమీటరు ఉంచండి. ముందు అడ్డగీతలన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి పట్టీలు చేసుకుని, తర్వాత ఒక్కో పట్టీని ముక్కలుగా కోయండి. తిన్నని గీతలే గీసుకుంటే ముక్కలు జారిపోతాయన్నది నిజం. దానికీ ఉపాయం ఉంది. బొమ్మ చుట్టూ ఉన్న అట్ట అంచుని చట్రంలా మిగిల్చి ఇంకో అట్టకి అతికిస్తే అదే పళ్లెం. ముక్కలు అందులోనే కదలకుండా కూర్చుంటాయి.

జిగ్సా పజిల్ మొదలైంది కూడా బుడిపెలు లేకుండానే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అని పటాలు చెక్కే ఆయన ఉండేవాడు. ఒక పటాన్ని పల్చని చెక్క మీద అతికించి దేశాల సరిహద్దుల వెంబడి కోశాడు, పిల్లలకి భూగోళం నేర్పడానికి. అంటే గీత ఎక్కడపడితే అక్కడ పోలేదు, అర్థమున్న చోట పోయింది. అది మనకి ఇప్పటికీ పనికొచ్చే ఆలోచన. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత విశాఖ జిల్లా నేల ఇప్పుడు విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో ఉంది. తాజా జిల్లాల పటం అట్ట మీద అతికించి సరిహద్దుల వెంబడి కోయండి. భీమిలి ఏ ముక్కలో ఉంది, అరకు ఏ ముక్కలో ఉంది, ఏటికొప్పాక ఏ ముక్కలోకి వెళ్లింది అని అడగండి. నాలుగో తరగతి పిల్లలు వేలితో ఆ సరిహద్దు వంపుల్ని తడిమి నేర్చుకుంటారు. ఒక్క జాగ్రత్త, పటం ప్రభుత్వం విడుదల చేసిన తాజాదే అయ్యుండాలి.

లెక్కల టీచర్లకి కూడా ఇందులో వాటా ఉంది. ఎనిమిది, ఆరు వరుసల పజిల్‌లో మూల ముక్కలు 4, అంచు ముక్కలు 20, లోపలి ముక్కలు 24. కోయకముందే పిల్లల్ని లెక్క కట్టమనండి. అంచులు, మూలలు కలిపి సగం, లోపలివి సగం అని తేలినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. మరి 12 ముక్కల దాంట్లో లోపలివి ఎన్ని? రెండే. అందుకే చిన్నపిల్లలకి అది తేలిక, దాదాపు ప్రతి ముక్కకీ ఒక తిన్నని అంచు ఉంటుంది.

తరగతిలో దీన్ని ఆడించే పద్ధతి ఒకటి చెబుతాను. 48 ముక్కల పజిల్‌ని నలుగురికి 12 చొప్పున పంచండి. ఎవరి ముక్క వాళ్లే పెట్టాలి, పక్కవాళ్ల ముక్క ముట్టుకోకూడదు. కావాల్సిన ముక్కని మాటలతోనే అడగాలి. "నీ దగ్గర ఎర్ర జెండా కింది సగం ఉందా?", "తాడు కుడివైపుకి వంగిన ముక్క ఎవరి దగ్గరుందిరా?" ఇలా. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా అడగక తప్పదు, ఎందుకంటే ఆ ముక్క తనకి కావాలి. కుడి, ఎడమ, పైన, కింద, పక్కన, సగం, వంపు, అంచు, ఈ మాటలన్నీ అవసరం కొద్దీ వస్తాయి. గడియారం పెట్టి పోటీలు మాత్రం వద్దు. పోటీ పెడితే చురుకైన పిల్ల అందరి ముక్కలూ లాక్కుని తానే పెట్టేస్తుంది, మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటారు.

ఇందాక వెనక వరుసలోంచి ఒక మేడమ్ ముక్కలు పోతే ఏం చేయాలని అడిగారు. పోతాయండి, తప్పదు. ప్రతి సెట్టు వెనకా ఒక గుర్తు పెట్టండి, ఒకదానికి నీలం చుక్క, ఇంకొకదానికి ఎర్ర గీత. అన్నీ ఒకే కొలతలో కోస్తాం కాబట్టి రెండు సెట్లు కలిశాయంటే గుర్తు లేకుండా విడదీయలేం. జిప్ ఉన్న కవరులో వేసి, అందులోనే అసలు ఫొటో చిన్న సైజులో పెట్టి, పైన ముక్కల సంఖ్య రాయండి. ఆట అయ్యాక లెక్కపెట్టి వేయడం పిల్లల పనే. కంప్యూటర్‌లో అసలు ఫైలు దాచుకుంటే పోయిన ఒక్క ముక్కనీ మళ్లీ అచ్చు వేసి కోసుకోవచ్చు. ఇంట్లో మనం చేసుకున్న పజిల్‌కి ఉన్న గొప్ప సౌకర్యం ఇది, కొన్నదానికి ఉండదు.

ఇంకో మాస్టారు తమ బడిలో కలర్ ప్రింటర్ లేదన్నారు. నలుపు తెలుపులోనే తీయండి. అయితే అప్పుడు రంగు సాయం చేయదు కాబట్టి గీతలు, నీడలు బాగా ఉన్న ఫొటో కావాలి. వల, తాటాకు, ఇటుక గోడ, మర్రి ఊడలు లాంటివి. అతికించే ముందు పిల్లల చేతే క్రేయాన్స్‌తో రంగులు వేయించండి. ఎవరు వేసిన చోటు వాళ్లకి గుర్తుంటుంది, ఆ ముక్కని చూడగానే పట్టేస్తారు.

బల్లల మీద హార్బర్ ఫొటో, రైతుబజారు ఫొటో కార్డు మీద అచ్చు వేసి ఉంచాం. కత్తెరలు ఉన్నాయి, కట్టర్ ఒక్కటే ఉంది, అది నా దగ్గరుంటుంది. నలుగురేసి కూర్చోండి. ముందు కార్డు మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, ఖాళీగా ఉన్న గడి ఏదో వెతకండి. అది దొరికాక ఫొటోని ఎటు కత్తిరిస్తే ఆ గడి పోతుందో మీలో మీరు మాట్లాడుకోండి. కోత ఆ తర్వాత మొదలుపెడదాం.